కుక్కల పన్ను ఎమ్మెల్యే

అమెరికాలో మేముండే క్యారీ అనే ఊళ్లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా అక్కడి పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు. "ఆంటీ, మీరు ఏ కంపెనీలో రిటైరయ్యారు?" కంపెనీ కాదమ్మా, రోడ్లు అంటాను. అర్థం కాదు. రాష్ట్ర ప్రభుత్వంలో రోడ్ల ఇంజనీర్‌గా చేశాను, మీరు రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేసే రోడ్లలో కొన్ని నేను వేయించినవే అని వివరిస్తే కొంచెం జాలిగా చూస్తారు. ఒకబ్బాయైతే, "సాఫ్ట్‌వేర్ జాబ్ దొరకలేదా ఆంటీ?" అన్నాడు. దొరకలేదు నాన్నా, నేను వెతకనూ లేదు అన్నాను.

గొప్పగా చెప్పుకోవడానికి నా సర్వీసులో ఏమీ లేదు. గుంతలు పూడ్పించాను, కల్వర్టులు కట్టించాను, మీటింగుల్లో కూర్చుని ఇంకా పెద్ద మీటింగులకి ముహూర్తాలు పెట్టాను. కానీ ఒక్క పని గురించి చెప్పడం మొదలుపెడితే మాత్రం పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి వింటారు. అందులో రోడ్డు కంటే ఒక ఎమ్మెల్యే గారే ఎక్కువ ఉంటాడు. ఇక్కడ ఎమ్మెల్యే అనరని నాకు తెలుసు. పల్లెటూళ్లోంచి గెలిచి రాష్ట్ర శాసనసభకి వెళ్లినవాణ్ని నా నోరు మాత్రం వేరే మాటతో పిలవదు. నాకు పరిచయమయ్యేటప్పటికి ఆయన పోయి నూరేళ్లు దాటింది.

మా ఊరికి గంటన్నర దూరంలో ఒక కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, ఉంది. పచ్చికబయళ్లు, కోళ్ల ఫారాలు, మలుపుకొక చర్చి. అక్కడ రెండు లేన్ల రోడ్డొకటి చక్కగా వస్తూ వస్తూ ఒకచోట ఉన్నట్టుండి పక్కకి తిరిగి, చిన్న మట్టిదిబ్బని చుట్టుకుని, మళ్లీ తిన్నగా పోతుంది. ఆ మలుపులో ఎప్పుడూ ఏదో ఒక యాక్సిడెంట్. ఆ పని నా చేతికి వచ్చిన ఏడాదే హైస్కూల్లో చదివే అమ్మాయి ఒకతె వాలీబాల్ ప్రాక్టీసు అయ్యాక ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తూ అక్కడే పోయింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె కారు గుద్దుకున్న చెట్టుకి కట్టిన రిబ్బన్లు ఇంకా వెలిసిపోలేదు.

మలుపు తీసేసి, దిబ్బ మీదుగా తిన్నగా నాలుగు లేన్లు వేయాలి. కాగితం మీద గీత గీసినంత సులువు. కానీ దిబ్బ మీద సమాధులున్నాయి. మా సర్వేలో వాటిని అవతలి అంచున చూపించారు. వేసవిలో దిబ్బంతా తీగలు కప్పేస్తాయి. పాములుంటాయని భయపడి, సర్వేకి వెళ్లినవాళ్లు రోడ్డు మీదే నిలబడి ఒక అంచనా వేసుకొచ్చారు. ఆకులు రాలాక చూస్తే సమాధి రాళ్లు నడిమధ్యలో, కొత్త రోడ్డు పడాల్సిన చోటే ఉన్నాయి. అప్పటికి డిజైన్ మొత్తం అయిపోయింది.

మా బాస్ భారీ మనిషి. కోలా సీసాలో వేయించిన వేరుశనగ గింజలు పోసుకుని తాగేవాడు. ఇక్కడివాళ్లకి అది మామూలే గానీ నాకు మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు. నేను విషయం చెప్పాక ఆయన సీసా అడుగున ఉన్న గింజల్ని చాలాసేపు చూసి, "రోడ్డుని ఎటూ జరపలేం. ఒక పక్క వాగు, ఇంకో పక్క స్కూలు. సమాధుల్నే జరపాలి. వాళ్ల బంధువులెవరో వెతుకు" అన్నాడు.

వెతకడం కష్టం కాలేదు. రోడ్ల కోసం భూములు సేకరించే మా సహోద్యోగిది ఆ కౌంటీయే. అంతకుముందు అక్కడి హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా చేశాడు. ఆ చుట్టుపక్కల ఎవరింటి తలుపు కొట్టినా ముందు ఆయన మోకాలి ఆపరేషన్ గురించి అడిగి, ఆ తర్వాతే లోపలికి రమ్మనేవాళ్లు. తన ట్రక్కులో నన్ను దిబ్బ దగ్గరికి తీసుకెళ్తూ దారిలో, ఆ దిబ్బ మీదే సమాధి అయిన మా ఎమ్మెల్యే గారి చరిత్ర చెప్పింది ఆయనే.

"గొర్రెలు పెంచుకునే బక్క రైతు. అంతర్యుద్ధంలో సైన్యం మనుషుల్ని పట్టుకుపోతుంటే అడవిలో దాక్కున్నాడు. ఈ చుట్టుపక్కల సగంమంది అదే పని చేశారులే. యుద్ధం అయ్యాక ఈయన్ని నిలబెట్టారు. చదవడం వచ్చు, తాగుడు లేదు, ఇంకేం కావాలి? గెలిచాడు. ఒక పంది తొడ, ఒక బస్తా మొక్కజొన్న పిండి బండిలో వేసుకుని రాజధానికి వెళ్లాడట. అక్కడ ఒక పూటకూళ్లమ్మ ఇంట్లో, ఇంకో సభ్యుడితో ఒకే మంచం మీద పడుకునేవాడు."

"సభలో ఏం చేశాడు?"

"చాలాకాలం నోరే విప్పలేదు. చివరికి విప్పి ఏమడిగాడో తెలుసా? కుక్కలకి పన్ను వేయమన్నాడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పట్లో ఊరి కుక్కలు మందల మీద పడి గొర్రెల్ని చంపేసేవట. ప్రతి కుక్కకీ యజమాని పన్ను కడితే గొర్రెలు పోయినవాళ్లకి కొంత ఇవ్వొచ్చు, మిగిలింది బడికి వాడొచ్చు అని మా ఎమ్మెల్యే గారి ఆలోచన. ఆయన మాట్లాడదామని లేచిన ప్రతిసారీ సభలో తోటి సభ్యులు కుక్కల్లా మొరిగేవారట. మొరుగుడు ఆగేదాకా నిలబడి, ఆగాక మాట్లాడేవాడట. ఎలాగో బిల్లు గట్టెక్కింది.

ఆయన ఊరికి తిరిగొచ్చాక తెలిసింది అసలు సంగతి. గొర్రెలున్నవాళ్లు కొద్దిమంది. కుక్కలు మాత్రం అందరికీ ఉన్నాయి. నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా పేదవాడి ఇంట్లో కుందేలు మాంసం ఉడకాలంటే కుక్కే దిక్కు. దాని మీద పన్నంటే వాళ్ల కూటి మీద పన్నే. మరుసటి ఎన్నికల్లో సొంత ఊరు కూడా ఓటెయ్యలేదు. ఫలితం తెలిసిన రోజు ఎవరో ఆయన వసారా స్తంభాలకి కుక్కల్ని కట్టేసి పోయారట.

"అంతే. మళ్లీ నిలబడలేదు. తర్వాత ఊళ్లో రోడ్డు పనులు చూసే పెద్దగా ఉన్నాడు. ఇంటికొక మనిషి వచ్చి రోడ్డు పని చెయ్యాలి, ఈయన చేయించాలి. ఈ రోడ్డు ఆయన వేయించిందే" అని ముగించాడు కోచ్.

ఆ ఎమ్మెల్యే గారి కూతురి మనవరాలు దిబ్బకి కూతవేటు దూరంలోనే ఉంటోంది. ఎనభై దాటిన విధవరాలు, చర్చి సండే స్కూల్లో ఆ ఊరి పిల్లలందరికీ పాఠాలు చెప్పిన మనిషి. మా కోచ్ కూడా ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. మమ్మల్ని కూర్చోబెట్టి కేకు పెట్టింది, నేను చెప్పిందంతా శ్రద్ధగా వింది, చివర్లో "ఊరి మీటింగులో మాట్లాడతాను" అని మాత్రం అంది. ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, తిరిగొచ్చేటప్పుడు పని అయిపోయిందనే అనుకున్నాను.

ఊరివాళ్లతో మీటింగు ఫైర్ స్టేషన్‌లో పెట్టాం. ఫైరింజన్లు బయట నిలిపి లోపల మడత కుర్చీలు వేశారు. నేను స్లైడ్లు చూపిస్తూ, "దురదృష్టవశాత్తూ ఈ సమాధులు రోడ్డుకి అడ్డం వచ్చాయి" అన్నాను.

వెనక వరసలోంచి ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు: "అవి రాలేదమ్మా. అక్కడే ఉన్నాయి. వచ్చింది మీరు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వి తర్వాతి స్లైడ్‌కి వెళ్లాను. అప్పుడు పెద్దావిడ వాకర్ పట్టుకుని లేచింది. నవ్వు ఆగిపోయింది.

"మా ముత్తాతని కుక్కల పన్ను వేసినవాడని మీరంతా నవ్వుకుంటారు. నవ్వుకోండి. ఆయన రాజకీయాలు ఎందుకు మానేశాడో నాకు తెలుసు. ఓడిపోయిన ఆ శీతాకాలమే ఇంట్లో పసిబిడ్డ పోయింది. దిబ్బ మీద పేరు చెక్కని చిన్న రాయి ఆ బిడ్డదే. మా అమ్మమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్కడ పూలు పెట్టించేది. ఇప్పటికీ పెడుతున్నాను. రోడ్డు వేసేటప్పుడు బిడ్డ మీదుగా బళ్లు పోకూడదని మా ముత్తాత దాన్ని పక్కకి తిప్పించాడు. ఒక తండ్రి తిప్పిన రోడ్డుని మీరు తిన్నగా చేస్తారా?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. మా బాస్ నేల చూపులు చూస్తున్నాడు. నా దగ్గర ఇంకా బోలెడు స్లైడ్లున్నాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న ఒకావిడ మాట్లాడింది. నర్సు యూనిఫాంలో ఉంది, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఆ వాలీబాల్ అమ్మాయి తల్లి.

"మీ బిడ్డ కోసం రోడ్డు తిప్పారు మేడమ్. ఆ తిప్పిన చోటే నా బిడ్డ పోయింది" అంది. అంతే అంది. పెద్దగా కూడా అనలేదు.

ఆ తర్వాత అందరూ లేచారు. కుర్చీలు మడిచి గోడకి ఆనించి వెళ్లిపోయారు.

కొన్ని వారాలకి పెద్దావిడ నాకు ఫోన్ చేసింది. "తియ్యండి. కానీ తీసేటప్పుడు నేను దగ్గరుండాలి. చిన్నదాన్ని మాత్రం యంత్రంతో కాదు, చేతులతో తీయండి" అంది. తనకి తోచిందో, ఆ తల్లి మాటే పట్టుకుందో నేను అడగలేదు. పాత సమాధుల్ని తవ్వే పురావస్తు నిపుణురాల్ని మాట్లాడాం. చిన్నపిల్లే, మా అమ్మాయి వయసుంటుంది. మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని రోజంతా మట్టిలో పాకుతూ ఉండేది. ఎముకలతో మాట్లాడినంత సులువుగా మాతో మాట్లాడేది కాదు.

సమాధులు తెరిచిన రోజు ఎండ హాయిగా ఉంది. పెద్దావిడ టోపీ పెట్టుకుని, ఓక్ చెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున ఎమ్మెల్యే గారిని తెరిచాం. ఏమీ మిగల్లేదు. శవపెట్టె మేకులు, కోటు బొత్తాలు, ఎర్రమట్టిలో మనిషి పొడవున నల్లటి చార. ఇక్కడి మట్టి ఎముకల్ని తినేస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. పెద్దావిడ వచ్చి చూసి, "పొడుగరే" అని, మళ్లీ వెళ్లి కూర్చుంది.

భోజనాలయ్యాక చిన్న రాయి దగ్గర మొదలుపెట్టారు. కాసేపటికి ఆ అమ్మాయి తల ఎత్తి నాకు చేత్తో సైగ చేసింది. వెళ్లాను. పైన పలకరాళ్లు పేర్చి ఉన్నాయి, వాటి కింద తెల్లగా సున్నం పొర. దాని కింద ఎముకలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు ఎముకల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ మూతి పొడవు చూశాక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"కుక్క" అంది ఆ అమ్మాయి గుసగుసగా. "వేరే ఏమీ లేదు. కింద అంతా చూశాను."

బాస్‌కి ఫోన్ చేశాను. అవతల సీసాలో గింజలు గలగలమన్నాయి. "కుక్కలకి రూల్సేమీ లేవు. పెట్టెలో పెట్టి మూత వెయ్యండి. ఆవిడ ప్రార్థన చేసుకుంటుంది, అందరూ ఇళ్లకి పోతారు. ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకూ ఆ మాట నచ్చింది, దాచను.

కోచ్‌ని చూశాను. ఆయన బేస్‌బాల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఆవిడ నా సండే స్కూల్ టీచర్. నేను చెప్పలేను. అబద్ధం కూడా చెప్పలేను" అని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పురావస్తు అమ్మాయి తన బ్రష్షులు తుడుచుకోవడంలో పడింది. మిగిలింది నేను.

ఓక్ చెట్టు దాకా నడిచాను. పక్కనే గడ్డి మీద కూర్చున్నాను.

"బిడ్డ కనిపించిందా?" అంది.

"లేదు మేడమ్. అక్కడున్నది బిడ్డ కాదు."

ఆవిడ నా మొహం చూస్తూనే ఉంది. ఇంగ్లీషులో నాకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. "అక్కడ ఉన్నది కుక్క" అన్నాను.

ఆవిడ టోపీ సర్దుకుంది. వాకర్ దగ్గరికి లాక్కుని లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దంది. గుంత అంచున నిలబడి లోపలికి చూసింది.

"ఎలాంటి కుక్క?" అని అడిగింది.

పురావస్తు అమ్మాయికి అప్పుడు మాటలొచ్చాయి. "బాగా ముసలిది. పళ్లన్నీ అరిగిపోయాయి. ఈ వెనక కాలు చూడండి, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. విరిగాక కూడా చాలా ఏళ్లు బతికింది. ఎవరో కూర్చోబెట్టి తిండి పెట్టారు. పోయాక వేరే జంతువులు తవ్వకుండా సున్నం చల్లి, పైన రాళ్లు పేర్చారు. ఆ సున్నం వల్లే ఇంత బాగా మిగిలింది."

"పెద్దాయన మిగల్లేదు, ఇది మిగిలిందన్నమాట" అంది పెద్దావిడ. ఆ తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "అమ్మమ్మ ఎప్పుడూ బిడ్డ అనలేదు" అంది. "'నాన్న చిన్నది ఇక్కడుంది' అనేది. అంతే అనేది. నాకప్పుడు ఐదేళ్లు. చిన్నది అంటే బిడ్డే అనుకున్నాను. మళ్లీ అడగనే లేదు."

కోచ్ ఎప్పుడొచ్చాడో పక్కనే నిలబడి ఉన్నాడు. "అయితే ఆయన రోడ్డు తిప్పింది కుక్క కోసమా?" అన్నాడు. నేను ఇంజనీర్‌ని. ఆ రోడ్డు అలా తిరగడానికి రాయి గానీ నీరు గానీ వేరే ఏ కారణమూ లేదని నాకు తెలుసు. ఊరంతా తనని కుక్కల శత్రువంటుంటే, ఆ మనిషి ఇంట్లో కుంటి కుక్కకి తిండి పెట్టుకుంటూ, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా బతికాడు. దాని రాయి మీద పేరు కూడా చెక్కించలేదు. చెక్కిస్తే ఊరు నవ్వేది మరి.

పెద్దావిడ కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ తల్లి ఎదురుగా నిలబడి బిడ్డ అన్నాను" అంది.

"మీకు తెలియక అన్నారు. ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు మేడమ్. రూల్స్ ప్రకారం మేమూ చెప్పాల్సిన పని లేదు."

"నాకు కూడా చెప్పకుండా ఉందామనుకున్నారా?"

"మా బాస్ అనుకున్నాడు."

"నువ్వో?"

"నేను ఇక్కడిదాకా చాలా మెల్లగా నడిచాను."

ఆవిడ మొహంలో ఏదో సడలింది. "నీ కార్ ఉందా హనీ? నన్ను ఒక చోటికి తీసుకెళ్లాలి" అంది.

ఆ నర్సు ఇంటికి. నేను కార్‌లోనే కూర్చున్నాను. వాళ్లిద్దరూ వసారా మెట్ల దగ్గర మాట్లాడుకోవడం కనిపిస్తోంది, వినిపించదు. నర్సు చేతులు కట్టుకుని నిలబడి వింటోంది. ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. పెద్దావిడ వాకర్ పక్కకి నెట్టి, కష్టపడి ఆమె పక్కనే కూర్చుంది. చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి పెద్దావిడ్ని లేపడానికి నన్ను పిలవాల్సి వచ్చింది.

తిరిగొస్తుంటే ఆగలేక అడిగాను. "నవ్విందా మేడమ్?"

"ముందు నవ్వింది. వాళ్లమ్మాయి ఉంటే కింద పడి దొర్లి నవ్వేదట. ఆ మాట అన్నాక ఇంక నవ్వలేదు" అంది. తర్వాత, "మీవాళ్లు పోతే మీరేం చేస్తారు?" అని అడిగింది.

"దహనం చేసి బూడిద నదిలో కలుపుతాం."

"అది నయం. ఏ ఇంజనీరూ వచ్చి జరపడు."

"జరుపుతారు మేడమ్. డ్యాములు కట్టేవాళ్లు ఉంటారు."

ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

ఆదివారం చర్చిలో లేచి అందరికీ తనే చెప్పేసిందట. కోచ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు పాస్టర్ ప్రసంగం ఎవరూ వినలేదట. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ చాలామంది బయటికొచ్చాక ఆవిడ చెయ్యి పట్టుకుని తమ ఇళ్లలో పోయిన కుక్కల పేర్లు చెప్పడం మొదలుపెట్టారట.

చిక్కు తర్వాత వచ్చింది. సమాధులన్నిటినీ చర్చి శ్మశానంలోకి మార్చాలని ముందే అనుకున్నాం. చర్చి పెద్దలు కూర్చుని, కుక్కకి చోటివ్వడం కుదరదన్నారు. నియమాల్లో చర్చి సభ్యులకే అని రాసి ఉందట. మీటింగులో నన్ను నవ్వులపాలు చేసిన ముసలాయనే వాళ్లలో గట్టివాడు. పెద్దావిడ వాదించలేదు. "సరే, మా ముత్తాతని కంచె పక్కన చివరి వరసలో పెట్టండి. దాన్ని కంచెకి ఇవతల పెడతాను. మధ్యలో తీగ ఉంటే ఉండనీ" అంది. కంచెకి ఇవతలి స్థలం ఎవరిదని ముసలాయన అడిగాడు. రోడ్ల శాఖదని నేను చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో అంత ఆనందంగా చెప్పిన వాక్యం ఇంకొకటి లేదు. సంతకం మా బాస్ పెట్టాడు. పెడుతూ, "నేను చదవలేదు" అన్నాడు.

పెట్టె కోచ్ తన గరాజ్‌లో చేశాడు, దేవదారు చెక్కతో. ఆ శనివారం ఊరు బాగానే వచ్చింది. పెద్దావిడ కొడుకు టెక్సస్ నుంచి రాలేకపోయాడు. కుటుంబం కోసం వేసిన ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉంటే, ఆవిడ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. పని బూట్లతో నేను, టై కట్టుకున్న కోచ్, గోళ్లలో మట్టితో పురావస్తు అమ్మాయి. కాస్త ఆలస్యంగా నర్సు వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆమెని పిలిచినట్టు నేను చూడలేదు.

పాస్టర్ మెల్లగా వంగి పెద్దావిడ్ని, మీ ముత్తాత గురించి ఏం చెప్పమంటారని అడిగాడు.

"ఓడిపోయాడని చెప్పండి. మంచిదనుకున్న పని చేశాడు, దాని వల్ల ఓడిపోయాడు, ఇంటికొచ్చి తన గొర్రెల్ని, కుక్కని చూసుకున్నాడు. అంతకంటే పెంచకండి" అంది.

ఆయన అలాగే చెప్పాడు.

తర్వాత కుటుంబంవాళ్లు మట్టి వేయాలి. పెద్దావిడ ముత్తాతకి వేసింది. కంచె ఇవతలికి వచ్చి, చిన్న పెట్టె దగ్గర నిలబడి, మా వరస వైపు చూసింది. లేచాం. నర్సు ముందు వేసింది, ఆ తర్వాత కోచ్, ఆ అమ్మాయి. నేను చివర.

నా సర్వీసులో ఎన్ని లారీల మట్టి పోయించి ఉంటానో నాకే తెలియదు. నా చేత్తో వేసింది మాత్రం ఆ ఒక్క గుప్పెడే.